బొట్టు పెట్టి పిలిచిన పెళ్ళి

అనగనగా, కాలవ గట్టున ఒక ఊళ్ళో మంగతాయారు అని ఒక పెద్దావిడ ఉండేది. ఊఁ కొట్టాలి మరి, లేకపోతే కథ ఇక్కడే ఆపేస్తాను.

ఆ ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా, పేరంటమైనా పిలుపులకి తోడు రమ్మని ముందు మంగతాయారునే అడిగేవారు. కుంకుమ భరిణె పట్టుకుని గడప గడపకీ వెళ్ళి, బొట్టు పెట్టి, "తప్పకుండా రావాలమ్మా" అని ఆవిడ పిలిచిందంటే రానివాళ్ళు లేరు. తర్వాత ఆవిడ భర్త పోయాడు. మొగుడు పోయినావిడ బొట్టు పెట్టి పిలవకూడదట! ఎవరు పెట్టారో ఆ రివాజు, వాళ్ళ మొహం మండ. భరిణె పెట్టె అడుక్కి పోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆవిడకి మతిమరుపు జబ్బు వచ్చింది. మొదట పప్పులో రెండుసార్లు ఉప్పేసింది. అందరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత పెరట్లోకి వెళ్ళి ఇంట్లోకి దారి మర్చిపోయింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత ఒకరోజు కోడలు వైదేహినే పట్టుకుని, "ఎవరమ్మాయివి నువ్వు?" అంది. వైదేహి వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వైదేహి ఇంట్లో జాకెట్లు కుట్టేది. మొగుడు పొద్దున్నే బస్సు తోలడానికి పోతే దీపాలు పెట్టే వేళకి గానీ వచ్చేవాడు కాదు. ఒక మధ్యాహ్నం ఆమె మిషను మీద ఉండగా మంగతాయారు పట్టుచీర కట్టుకుంది. పెట్టె అడుగునుంచి భరిణె తీసింది. "మా సుందరి పెళ్ళి, పిలుపులకి వెళ్ళొస్తా" అంటూ గుమ్మం దిగింది. సుందరి ఆవిడ కూతురు. ఆ పెళ్ళయి ఎన్నేళ్ళో! సుందరికి మనవలు కూడా పుట్టేశారు. భర్త పోయిన సంగతీ, కూతురి పెళ్ళయిన సంగతీ ఆవిడ మర్చిపోయింది. పిలవాలన్నది మాత్రం మర్చిపోలేదు.

ఆ రోజు పిండిమర దగ్గర దొరికింది. మర్నాడు బస్టాండులో దొరికింది. మూడోనాడు కాలవ రేవులో, మోకాళ్ళ దాకా బురదలో దొరికింది. వైదేహి ఆవిడని బురదలోంచి పైకి లాగింది. ఇంటికి తెచ్చి, కాళ్ళు కడిగి, వీధి తలుపుకి తాళం వేసేసింది.

అప్పుడు మంగతాయారు కిటికీ ఊచలు పట్టుకుని, "తలుపు తియ్యమ్మా, పిలవకపోతే పెళ్ళికి ఎవరొస్తారు?" అని బతిమాలేది. అన్నం పెడితే తినేది కాదు. రోజురోజుకీ చిక్కిపోయింది. తాళం వేస్తే తిండి లేక పోయేలా ఉంది, తీస్తే కాలవలో పడేలా ఉంది. ఏం చేస్తుంది పాపం వైదేహి? పైగా ఎవరైనా అడిగితే, "అత్తయ్యకి కాస్త జ్వరం" అని అబద్ధం. జలుబు చేస్తే దాచుకుంటామా? మరి దీన్నెందుకు దాచాలి? నాకైతే అర్థం కాదు.

ఒకరోజు వైదేహి మిషను ఆపి లేచింది. తాళం తీసింది. "పదండత్తయ్యా, పిలుపులకి నేనూ వస్తా" అని చెయ్యి పట్టుకుంది.

మొదట పిండిమర బుల్లెమ్మ ఇల్లు. మంగతాయారు బొట్టు పెట్టి పెళ్ళికి పిలిచింది. వైదేహి వెనకనుంచి నెమ్మదిగా చెప్పింది. "జబ్బండీ పిన్నిగారూ. మళ్ళీ మళ్ళీ వస్తారు. వచ్చినప్పుడు కాదనకండి. బొట్టు పెట్టించుకుని మా ఇంటిదాకా తీసుకురండి, చాలు."

"ఇన్నాళ్ళూ ఒక్కదానివే పడ్డావా? నోరు లేదూ నీకు!" అని కసిరింది బుల్లెమ్మ. కసిరి, ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది.

ఆ తర్వాత గాజులమ్మే కాశింబీ ఇల్లు. "నేను బొట్టు పెట్టుకోనమ్మా, పిలుపు మాత్రం తీసుకుంటా" అంది కాశింబీ. "పెళ్ళికూతురి తల్లి బోసి చేతులతో తిరగొచ్చా?" అని మంగతాయారు రెండు చేతులకీ ఆకుపచ్చ గాజులు తొడిగింది.

మూడోది అచ్చయ్యమ్మ ఇల్లు. వీధిలో అదే ఆఖరు, అది దాటితే రేవే. అచ్చయ్యమ్మ ఆ గాజులు చూసింది, భరిణె చూసింది. "మొగుడు పోయినావిడ చేత బొట్టా! వద్దు తల్లీ" అని తలుపేసుకుంది.

ఆ రోజునుంచి వైదేహి తాళం వెయ్యలేదు. మంగతాయారు రోజూ పిలుపులకి వెళ్ళేది. ఎవరో ఒకరు బొట్టు పెట్టించుకుని, కబుర్లు చెబుతూ ఇంటికి తెచ్చేవారు. ఆవిడ మళ్ళీ అన్నం తినసాగింది.

అయితే ఒక మధ్యాహ్నం బుల్లెమ్మ మరలో ఉండిపోయింది. కాశింబీ సంతకి పోయింది. మంగతాయారు గాజులు గలగలలాడించుకుంటూ ఆఖరి ఇంటికి వచ్చింది. "అచ్చయ్యమ్మా, పిలుపమ్మా" అంది. లోపలినుంచి పలుకు లేదు. ఇంట్లో లేరు కాబోలు అనుకుని ముందుకి నడిచింది. గాజుల చప్పుడు రేవు వైపు పోతోంది. లోపల అచ్చయ్యమ్మ వింటూనే ఉంది.

అప్పుడు ఇక ఉండలేకపోయింది. గరిటె అక్కడే పారేసి పరుగెత్తింది. మంగతాయారు పాదాలు నీళ్ళలో ఉన్నాయి. జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. రొప్పుతూ, "నన్ను పిలవకుండా పోతారేం పిన్నిగారూ? నాకు బొట్టు పెట్టరా?" అని నుదురు వంచింది.

మంగతాయారు తీరిగ్గా బొట్టు పెట్టి, "పిల్లల్ని కూడా తీసుకురావాలి సుమా" అంది. అచ్చయ్యమ్మ తలూపింది.

చేయి పట్టుకుని వీధి వెంట తీసుకొస్తుంటే సంగతేమిటని ఒక్కొక్కరే బయటికొచ్చి వాళ్ళ వెనకే నడిచారు. వైదేహి ఇంటి అరుగు నిండిపోయింది. "చూశావా, పిలిస్తే ఎంతమంది వచ్చారో!" అని మంగతాయారు మురిసిపోయింది. మతి మాత్రం తిరిగి రాలేదు తల్లీ. ఆ జబ్బు అలాంటిదే.

వైదేహికి మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. ఆవిడ పక్కన కూర్చుని అడిగేసింది. "అత్తయ్యా, ఊరందరినీ పిలిచారు. నన్ను ఒక్కరోజు కూడా పిలవలేదేం?"

మంగతాయారు ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. పేరు గుర్తుకు రాలేదు. అప్పుడు పకపకా నవ్వి, గడ్డం పుచ్చుకుంది.

"పిచ్చిపిల్లా, ఇంటిమనిషికి పిలుపేమిటే! లే, వచ్చినవాళ్ళకి కాఫీలు పెట్టు."

కథ వెళ్ళింది కంచికి,
పాప చేరింది మంచానికి,
దారి మరిచిన అమ్మమ్మకి
వీధంతా తోడు ఇంటికి.