కొమరన్న తాగిన నీళ్ళు

సముద్రం మన కొండ మొదటి మెట్టు దాకా వచ్చిపోతూ ఉండిన కాలమట. ఆ కొండ మీద స్తూపం కట్టడానికి సింహళం నుంచి, బర్మా నుంచి, చీనా నుంచి మనుషులు ఓడలెక్కి వచ్చారట. వాళ్ళూ మనవాళ్ళూ ఒకే ముఠాగా కలిసి రాళ్ళు మోశారు. ఆ ముఠాకు పెద్ద కొమరన్న. అతనికి పొలం లేదు, ఇల్లు లేదు, నలుగురిలో గట్టిగా మాట్లాడే గొంతు కూడా లేదు.

వాళ్ళ భాషలు వేరు. అయినా మొదటిసారి నీళ్ళ కడవ వచ్చినప్పుడు ఎవరికీ ఏమీ చెప్పవలసి రాలేదు. ముఠా అంతా తాగిన తరువాతే పెద్ద తాగాలి. పెద్ద తాగుతున్నప్పుడు మిగిలినవారు తల వంచుకోవాలి.

"మా విహారంలోనూ ఇంతే," అన్నాడు సింహళం మనిషి, వచ్చీరాని మన మాటల్లో.

"మాకూ ఇంతే," అన్నాడు బర్మా మనిషి.

చీనా మనిషి మాట రాక, తల వంచి చూపించాడు.

మనవాడు లచ్చయ్య నవ్వాడు. "బాగుంది పెద్దయ్యా! నాలుగు దేశాల ధర్మమూ కలిసి నీకు మా ఎంగిలే రాసిపెట్టింది."

"ఉండనీరా. మీరు తాగితే పని నడుస్తుంది," అన్నాడు కొమరన్న.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. కొండమీది ఊట ఎండిపోయింది. ముఠా మొత్తానికి రోజుకు ఒక్క కడవ దక్కింది.

మొదటి రోజు లచ్చయ్య తన వంతు తాగి, దాహం తీరక ఇంకో గుక్క తాగాడు. అతని వెనకవాడూ అదే చేశాడు.

"అందరూ తాగారా?"

"తాగాం, పెద్దయ్యా."

తలలు వంగాయి. కడవ లేచింది, దిగింది. "చల్లగా ఉన్నాయి," అన్నాడు కొమరన్న.

రెండో రోజు లచ్చయ్య రెండు గుక్కలు ఎక్కువ తాగాడు.

"పెదవులు పగిలాయేం పెద్దయ్యా?"

"ఎండకురా. అందరూ తాగారా?"

"తాగాం, పెద్దయ్యా."

తలలు వంగాయి. కడవ లేచింది, దిగింది.

మూడో రోజూ అడిగాడు. ఆ రోజు గొంతు సరిగా పెగలలేదు. తలలు వంగాయి. కడవ లేచింది, దిగింది. కొమరన్న రాయి ఎత్తుకుని నాలుగు అడుగులు వేసి, మెల్లగా కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

అతని నోరు తడపాలని లచ్చయ్య కడవ కోసం పరుగెత్తాడు. ఒక చెయ్యి కింద పట్టి దాన్ని బోర్లించాడు. చుక్క నీరు లేదు, అడుగున ఎండిన ఇంత ఇసుక రాలింది.

"నేను చూడలేదు," అన్నాడు సింహళం మనిషి. బర్మా మనిషి తన భాషలో అదే అన్నాడు. చీనా మనిషి తల ఎత్తనే లేదు. లచ్చయ్యకు మాత్రం తాను తాగిన గుక్కలు ఎన్నో తెలుసు. వాటిని అతడు చచ్చేదాకా మరిచిపోలేదట.

తరువాత లచ్చయ్యనే పెద్దను చేశారు. మొదటి రోజు అందరూ తాగాక, అతడు కడవ పట్టుకుని నిలబడ్డాడు.

"తలలెత్తండి. నా గొంతు కదిలేదాకా చూడండి."

ఎవరూ ఎత్తలేదు. పుట్టినప్పటి నుంచి వంచిన తలలవి. అతడు నీళ్ళు నోట పోసుకోకుండా అలాగే నిలబడ్డాడు. చాలాసేపటికి ఒక తల లేచింది. ఆ పైన మరొకటి.

ఇప్పటికీ ఆ తీరంలో ముఠా పెద్ద చివరనే తాగుతాడు. కాని తాగుతుంటే ఎవరూ తల వంచరు. ఎవరైనా మరిచిపోయి చూపు తిప్పుకుంటే పక్కవాడు మెల్లగా అంటాడు:

"చూడరా. కొమరన్నను మళ్ళీ చంపుతావా?"