వానపాముల తొట్టి

విజయనగరంలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతూ, పొద్దున పూట హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం ట్యూషన్ చెప్పే త్రినాథ్ నోట ‘తెలియదు’ అన్న మాట చచ్చినా వచ్చేది కాదు.

పాఠం మాత్రం చక్కగా చెప్పేవాడు. గుండె పాఠం వచ్చిందంటే సుద్దముక్కతో నేలమీద నాలుగు గదులు గీసి, పిల్లల్నే రక్తంలా వాటిలో నడిపించేవాడు. వాళ్ళింట్లో అంత చదువు చదివిన మొదటివాడు అతనే. వీధిలో కోడికి తెగులొచ్చినా, కుక్క కరిచినా ‘మన త్రినాథ్‌ని అడుగుదాం’ అనేవారు. అడిగిన ప్రతిదానికీ ఏదో ఒకటి చెప్పకపోతే తన చదువుకే చిన్నతనం అనుకునేవాడు పాపం.

ఒకరోజు గౌరీశ్వరి అనే తొమ్మిదో తరగతి పిల్ల లేచి నిలబడింది.

“సార్, వానపామును రెండు ముక్కలు చేస్తే రెండు వానపాములవుతాయటగా, నిజమేనా?”

డిగ్రీలో ఏదో పురుగు గురించి అలా చదివినట్టు త్రినాథ్‌కి లీలగా గుర్తు. అది ఏ పురుగో గుర్తు లేదు. ‘రేపు చూసి చెబుతాను’ అంటే సరిపోయేది. కానీ పిల్లలందరూ తనవైపే చూస్తున్నారు.

“అవుతాయమ్మా. తెగిన చోట కొత్త భాగం పెరుగుతుంది” అన్నాడు గంభీరంగా.

నాలుగు రోజుల తర్వాత గౌరీశ్వరి వాళ్ళ నాన్న పైడిరాజు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అతను పూలమొక్కలు పెంచి అమ్ముకునేవాడు. ఎరువు కోసం ఈమధ్యే ఒక తొట్టి కట్టి, తెలిసిన రైతు దగ్గర దోసెడు వానపాములు తెచ్చుకున్నాడు.

“మేస్టారూ, మీరు చెప్పారని పాప అంటే, రెట్టింపవుతాయి కదాని అన్నీ రెండేసి ముక్కలు చేసేశానండి. ఒక్కటీ బతకలేదు. నా కత్తి మొద్దుది, అదే తప్పేమో. రేపు మళ్ళీ తెస్తాను. ఈసారి బ్లేడుతో కోస్తాను. ఎక్కడ కోయాలో కాస్త చూపిస్తారేటి?” అన్నాడు.

కత్తిదే తప్పని అనేస్తే త్రినాథ్ పరువు దక్కుతుంది. రేపు తెచ్చే వానపాములు కూడా చస్తాయి. పైడిరాజు ముఖంలో అనుమానం రవ్వంతైనా లేదు, అదే త్రినాథ్‌ని ఎక్కువగా బాధపెట్టింది.

“కత్తి తప్పు కాదు బాబాయ్, తప్పు నాది. నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పేశాను. దయచేసి ఇంక కోయొద్దు” అన్నాడు.

“ఆ ముక్క ఆ రోజే అనుంటే, వానపాములిచ్చినాయన్నే అడిగుందును కదండీ” అన్నాడు పైడిరాజు.

గౌరీశ్వరి సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. “మీరు చెప్పినవన్నీ ఇందులో రాసుకున్నాను సార్. వీటిలో ఇంకా ఏవేవి తెలియకుండా చెప్పారు?”

ఆ ఆదివారం త్రినాథ్ పిల్లలందర్నీ కూర్చోబెట్టి, పుస్తకాలు ముందేసుకుని, నోట్సు మొదటి పేజీ నుంచి సరిచూశాడు. ముక్కలు చేస్తే రెండయ్యేది ప్లనేరియా అనే వేరే జీవి అని తేలింది. అలాంటి తప్పులు మరో తొమ్మిది బయటపడ్డాయి. అన్నింటినీ తన చేత్తోనే కొట్టేశాడు. సంగతి తెలిసి ఇద్దరు పిల్లలు ట్యూషన్ మానేశారు. గౌరీశ్వరి మానలేదు గానీ, ఆ తర్వాత చాలా రోజులు అతను ఏం చెప్పినా “నిజంగా తెలుసా సార్?” అని అడిగాకే రాసుకునేది. అతను కోప్పడేవాడు కాదు.

తెలియదని చెప్పినందుకు గురువు గౌరవం తగ్గదు; తెలియనిది తెలిసినట్టు చెబితే నమ్మినవాళ్ళు నష్టపోతారు, తెలిసి చెప్పిన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.