లెక్కల పెట్టెకు తెలియని కుంచం

అనగా అనగా, బండ్లకంటే పడవలే ఎక్కువగా తిరిగే రేవుపురమనే రాజ్యం. అక్కడి బడిలో లెక్కలు చెప్పే పంతులమ్మ పేరు వరదాంబ. ఆవిడకు అనుమానం పాలు ఎక్కువ. ఉప్పునైనా నాలుకమీద వేసుకోనిదే కొనేది కాదు.

ఒకనాడు మణిభద్రుడనే వర్తకుడు రాజుగారి దగ్గరికి మాట్లాడే పెట్టె ఒకటి తెచ్చాడు. "మహాప్రభూ, ఇది ఎంతటి లెక్కనైనా రెప్పపాటులో చేస్తుంది. ఇక పిల్లలకు పలకలెందుకు, పంతులమ్మ ఎందుకు?" అన్నాడు.

రాజుగారు ముచ్చటపడి, వరదాంబను, బడిపిల్లలను రేవు దగ్గరికి పిలిపించారు. "మూడు లెక్కలు అడుగుదాం. మూడూ సరిగ్గా చెబితే రేపటినుంచి బడి పెట్టెదే" అన్నారు. వరదాంబ ముందుకొచ్చి పెట్టె పక్కనే నిలబడింది. ఇరవై ఏళ్లుగా నడుపుకొస్తున్న బడి మరి.

మొదటిది పెద్ద గుణకారం. పెట్టె టక్కున చెప్పింది. లోపల మనిషి దాగున్నాడేమోనని వరదాంబ మూత తీసి చూసింది. పళ్లచక్రాలు తప్ప ఏమీ లేవు.

రెండోది భాగహారం. ముందే వల్లె వేయించి తెచ్చారేమోనని తానే అంకెలు మార్చి అడిగింది. అదీ చెప్పింది. "మా పంతులమ్మకు తన నీడమీద కూడా అనుమానమే" అని పిల్లలు కిసుక్కుమన్నారు. ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

మూడో లెక్క రాజుగారే, రేవులో కట్టిన పడవను చూపించి ఇచ్చారు. "ఈ పడవలో పిల్లలు అవతలి ఒడ్డుకు పోతారు. వాళ్లు కాక ఇంకో పన్నెండు వందల శేర్ల బరువు మోస్తుంది. వడ్లు ఎన్ని కుంచాలు వేయాలి?"

"మూడు వందలు" అంది పెట్టె. పిల్లలు చప్పట్లు కొట్టి పడవ దగ్గరికి పరుగెత్తారు.

వరదాంబకు మళ్లీ అనుమానం. నవ్వితే నవ్వనీ అనుకుని, "పెట్టె నాయనా, కుంచమంటే ఎంత?" అని అడిగింది.

"నాలుగు శేర్లు. అంచుకు సమంగా, కర్రతో చదును చేసి కొలిస్తే" అంది పెట్టె.

వరదాంబ వడ్లు కొలిచే కుంచం, త్రాసు తెప్పించింది. కొలిచే మనిషి అలవాటుగా వడ్లు గుట్టగా, జారిపడేదాకా పోశాడు. చదును చేసి కొలవడం రేవుపురంలో పిసినారితనం కింద లెక్క. తూస్తే అయిదు శేర్లు తూగింది.

"మూడు వందల కుంచాలంటే పదిహేను వందల శేర్లు. నడి ఏట్లో పిల్లలతో సహా పడవ మునిగేది" అంది వరదాంబ. రాజుగారు పడవ దగ్గరున్న పిల్లలను వెనక్కి పిలిపించారు.

"అయితే రెండు వందల నలభై" అంది పెట్టె, రెప్పపాటులోనే.

"చూశారా ప్రభూ, పెట్టె లెక్క తప్పలేదు" అని గొణిగాడు మణిభద్రుడు.

"తప్పలేదు నాయనా. దానికి అడగడం రాదు, అంతే" అంది వరదాంబ.

రాజుగారు బడిని పంతులమ్మకే ఉంచి, పెట్టెను ఆవిడ పీట పక్కన పెట్టించారు. ఆనాటినుంచి అది ఏ జవాబు చెప్పినా, "ఎలా వచ్చింది? మన ఊరి కొలతేనా?" అని అడగనిదే పిల్లలు పలకమీద రాసేవారు కారు.

కాబట్టి పిల్లలూ, జవాబు ఎంత వేగంగా వచ్చినా సరే, దాన్ని అనుమానించి అడిగినవాడికే లెక్క వచ్చినట్టు.