ఆగడం రాని పడవ

ఎవరైనా ప్రశ్న అడిగితే నరసింగం మాస్టారు జవాబు చెప్పరు. చేతికో పని ఇస్తారు. "మనం పోరాడేది జనం కోసమే కదా మాస్టారూ, మరి వాళ్ళెందుకు మన వెంట రారు?" అని శిష్యుడు గౌరీపతి నిలదీసినప్పుడూ అంతే. పెరటి పాకలో ఉన్న ఇంజన్ చూపించి, "దీన్ని పడవకు పనికొచ్చేలా చెయ్యి," అన్నారు.

విశాఖ పాత సామాన్లలో దొరికిన విదేశీ కారు ఇంజన్ అది. పైకీ కిందికీ కొట్టుకునే పిస్టన్లు లేవు. లోపల మూడు మూలల చక్రం గుండ్రంగా తిరుగుతుంది. గౌరీపతికి చూడగానే నచ్చేసింది. నదిని కూడా వేలం వేసే లోకం మనది. రేవు పాడుకున్న పాటదారుడి లాంచీ లంక జనాన్ని పశువుల్లా కుక్కి, దళితపేట వాళ్ళను వెనక్కి నెట్టి గోదావరి దాటిస్తోంది. దానికి ఎదురుగా ప్రజల పడవ దిగాలి. అది ఓడితే లంక మళ్ళీ ఆ పాటదారుడి కాళ్ళ దగ్గరే.

"గాలి వెళ్ళే దారి ఇరుగ్గా ఉంది," అంటూ గౌరీపతి ఆకురాయి పట్టాడు.

"మరీ వెడల్పు చేస్తే నెమ్మదిగా తిరగలేదబ్బాయ్, ఆగిపోతుంది."

"చరిత్ర నెమ్మదిగా తిరగదు మాస్టారూ!"

ఆయన నవ్వి, ఇంకో ఆకురాయి అందించారు. పొద్దుటెండలో ఇనప రజను వెండిపొడిలా రాలుతూ ఉంటే, ఆ దారిలోంచి కొత్త లోకపు గాలి వీస్తున్నట్టే ఉండేది గౌరీపతికి.

పడవ దించిన పొద్దున గోదావరి నిండా మంచు. గెడలూ తెడ్లూ పాతకాలానివని గట్టుమీదే వదిలేయించి, మాస్టారిని ఎక్కించుకుని బయల్దేరాడు. నది నడుమ ఇంజన్ గొంతు విప్పింది. నీళ్ళు లేవు, గట్లు లేవు. పాలతెలుపులో వేగం ఒక్కటే. నిద్రలో ఎగురుతున్నట్టుంది.

లంక రేవులో జనం ఎదురుచూస్తున్నారు. వేగం తగ్గించగానే ఇంజన్ దగ్గి చచ్చింది. మళ్ళీ లేపాడు; ఒడ్డు తాకేలోగా మళ్ళీ చచ్చింది. ఈసారి తగ్గించకుండానే గట్టు పక్కనుంచి దూసుకుపోతూ, "దూకండి! భయపడేవాళ్ళకు విముక్తి లేదు!" అని అరిచాడు.

వంకాయల గంప నెత్తిన పెట్టుకున్న పేరమ్మ పకపకా నవ్వింది. "ఆగితే నీ పడవ సత్తాది, దూకితే నేను సత్తాను. మనిద్దరికీ పొత్తెలా కుదురుద్ది బాబూ?"

రేవంతా నవ్వింది. గౌరీపతి అటు తిరగబోయి వేగం తగ్గించాడు, ఇంజన్ ఆగిపోయింది. ఎంత తిప్పినా లేవలేదు. ఆ నిశ్శబ్దంలో పాటదారుడి లాంచీ డుగుడుగుమంటూ రావడం వినిపించింది. మంచులో రేవు, గంపలు, పేరమ్మ ఎర్రచీర ఒక్కొక్కటే పలచబడుతున్నాయి.

"చూశారా మాస్టారూ," గౌరీపతి రేవు వైపు చెయ్యి చాచాడు, "మళ్ళీ మనకు దూరంగా వెళ్ళిపోతున్నారు."

మాస్టారు వంగి, పడవను లాక్కుపోతున్న నీళ్ళలో చెయ్యి పెట్టారు.

"వాళ్ళు నిలబడ్డచోటే ఉన్నారు నాయనా," అన్నారు.