గవాక్షి మీద బోర్లించిన బాన

అది మట్టిమిద్దె కొట్టం. కప్పులో గవాక్షి, అంటే జానెడు కంత. పగలు అందులోంచి వెలుగు దిగుతుంది, సాయంత్రం దోమలకు వేసిన వేపాకు పొగ పైకి పోతుంది. వాన వస్తే ఆసామి మిద్దె మీదున్న పాత బానను దానిపై బోర్లిస్తాడు, వెలిశాక తీస్తాడు. లోపల ఓ ముసలి ఎద్దు, పన్నెండు గుడ్లు పొదుగుతున్న ఓ పెట్ట. గుడ్లు తెల్లారితే పగిలేట్టున్నాయి. పెట్టకేమో ప్రతిదానికీ ‘ఎందుకు?’ అని అడిగే జబ్బు.

ఆ మధ్యాహ్నం తడిక అవతల నుంచి నక్క పలికింది.

“అక్కా, మీ గవాక్షి చూసొచ్చా. బూజు దులిపి, వానొస్తుందని బాన కూడా బోర్లించా. నిశ్చింతగా ఉండు.”

“నువ్వా! మామీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచి?”

“ఇరుగుపొరుగన్నాక ఆమాత్రం లేకపోతే ఎట్లా!” అని జారుకుంది నక్క.

పెట్టకు మనసు నిలవలేదు. “మామా, వానొచ్చేట్టుంటే చీమలు గుడ్లు మోసుకుంటూ గోడెక్కాలి కదా? ఇవేమో తీరిగ్గా నూకలు లాక్కుపోతున్నాయే!”

“నక్కకు మంచిబుద్ధి పుట్టిందేమోలే అమ్మీ,” అంది ఎద్దు నెమరేస్తూ.

“మరి బూజు దులిపితే ఒక్క పోగైనా కింద పడొద్దూ?”

ఎద్దు నెమరు ఆపింది.

సాయంత్రం ఆసామి వచ్చి, పైకి చూడకుండానే పొగ వేసి, తడిక కట్టి వెళ్లిపోయాడు. దారి దొరకని పొగ కప్పు కిందే సుడి తిరిగింది. తడిక కింద కోడి దూరేంత సందుంది. ఆ సందులో నక్క కాళ్లు కనిపించాయి. బయటికెళితే దాని నోట్లోకి, ఉంటే పొగలో! గుడ్లు వదలాలంటే ప్రాణం పోయినట్టయింది పెట్టకు.

“నేలకు ఆనుకో అమ్మీ, పొగ పైనే తిరుగుతుంది,” అంది ఎద్దు గుసగుసగా.

“మామా, మనం కిక్కురుమనకపోతే ఆ నక్కేం చేస్తుంది?”

“ఏమైందో చూడాలనుకుంటుంది.”

“తడిక కట్టుంది, కింది సందులో దాని తల పట్టదు కదా, ఎక్కడ్నుంచి చూస్తుంది?”

ఇద్దరూ పైకి చూసి, ఊపిరి బిగబట్టారు.

బయట నక్క చెవులు రిక్కించింది. దగ్గు లేదు, రెక్కల చప్పుడు లేదు. ఇక ఆగలేకపోయింది. మిద్దెక్కి, మూతితో బానను పక్కకు నెట్టి, తల మొత్తం గవాక్షిలో పెట్టింది. లోపల కమ్ముకున్న పొగంతా దాని మొహాన కొట్టింది. “చచ్చాన్రో!” అంటూ కళ్లు కనపడక మిద్దె అంచు దాటి పేడదిబ్బలో పడింది.

“తమ్ముడూ, గవాక్షి ఇప్పుడు బాగా చూశావా?” అని లోపల్నుంచి కేకేసింది పెట్ట.

తెల్లారేసరికి పన్నెండు పిల్లలూ కిచకిచమన్నాయి. గింజలు ఏరడం కంటే ముందు పెట్ట వాటికి నేర్పింది ఒకటే: కప్పు బాగుందని ఎవరు చెప్పినా సరే, నువ్వు తలెత్తి ఒకసారి చూసుకో.