పైన కోటు, కింద లుంగీ

డాక్టరుకు చూపించుకోవడానికి కూర్చుని, జబ్బును మాత్రం కుర్చీ కింద దాచిపెట్టే మనిషిని మీరెప్పుడైనా చూశారా? నవ్వకండి. ముందు కథ వినండి. విన్నాక కూడా నవ్వొస్తే అప్పుడు నవ్వుదురుగాని.

నర్సీపట్నం బజారులో సన్యాసిరావు అనే ఫోటోగ్రాఫరు ఉండేవాడు. ఊళ్ళో అందరి లోపాలూ ఫోటోలో కనబడకుండా చేసేవాడు, తన లోపాన్ని మాత్రం తనక్కూడా కనబడకుండా చేసుకునేవాడు.

ఆయన స్టూడియోలో గోడకి ఒక నల్లకోటు వేలాడుతుండేది. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినవాడు చిరిగిన చొక్కాతో వచ్చినా సరే, ఆ కోటు తొడిగి, టై కట్టి స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. "గడ్డం కొంచెం పైకి. భుజాలు సమంగా. ఆఁ, ఇటు చూడండి." ఫోటోలో పెద్ద ఆఫీసరు దిగేవాడు. పైన కోటు, కింద లుంగీ. లుంగీ ఎవరికి కనిపిస్తుంది? "ఫ్రేములో పడనిది లేనట్టే లెక్క" అనేవాడు సన్యాసిరావు. ఆ మాటే ఆయనకు ఇన్నాళ్ళూ అన్నం పెట్టింది.

అలాంటి సన్యాసిరావుకి ఏదో అయింది. నిద్ర పట్టేది కాదు. ఊరికే గుండె దడదడలాడేది. గిరాకీతో మాట్లాడుతూ మాట్లాడుతూ లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చేవాడు. మందుల షాపులో ఉన్న స్నేహితుడు నిద్రమాత్రలు ఇచ్చాడు. మొదట ఒకటి సరిపోయేది. తర్వాత సరిపోలేదు. ఆ తర్వాత అవి పడకపోతే చేతులు వణకడం మొదలైంది. మాత్రలను పాత ఫిలిం డబ్బాలో దాచేవాడు. ఇక అప్పుడప్పుడూ ఒక ఆలోచన వచ్చేది: ఇదంతా ఇక్కడితో ఆగిపోతే బాగుణ్ణు అని. దాన్ని ఏ డబ్బాలోనూ దాచలేకపోయాడు.

"మనసు డాక్టరుకి చూపించుకోండి" అంది ఆయన భార్య వరహాలు ఒక ఉదయం.

"నాకేం పిచ్చా?"

"ఆ మాట నేనన్నానా? నిరుడు మీ కెమెరా లెన్సుకి బూజు పడితే గుండెలకి హత్తుకుని విశాఖపట్నం పట్టుకెళ్ళారు. ఆ లెన్సుకున్న పాటి విలువ మీకు లేదా? పోనీ, అంత దూరం వెళ్ళలేకపోతే ఫోన్లో చూసే డాక్టరమ్మ ఉంది. మా పిన్ని కోడలు ఆవిడతో మాట్లాడే బాగుపడింది."

అక్కడే కూర్చుని ఇడ్లీ తింటున్న ఎర్నాయుడు ఫక్కున నవ్వాడు. ఎర్నాయుడు వరహాలుకి తమ్ముడు. పెళ్ళిళ్ళలో బావ ఫోటోలు తీస్తుంటే తను వీడియో తీసేవాడు.

"ఫోన్లో వైద్యమేంటక్కా? రేపు ఫోన్లోనే భోజనం కూడా పెడతావా? నాడి పట్టుకోవాలి, కళ్ళు విప్పి చూడాలి. బావా, నా మాట విను. నేరుగా వెళ్ళు."

"నువ్వు నోర్ముయ్యరా. నేరుగా వెళ్ళమంటే ఈయన వచ్చే ఏడాదికి వెళ్తారు. ఫోన్లో అయితే కనీసం మొదలెడతారు."

"మొదలెట్టి ఏం లాభం, సిగ్నల్ పోతే జబ్బు పోతుందా?"

అక్కాతమ్ముళ్ళు అలా వాదించుకున్నారు. నన్నడిగితే ఇద్దరి మాటలోనూ నిజముంది. కానీ సన్యాసిరావు ఇద్దరి నిజాన్నీ పక్కన పెట్టేశాడు. ఆయనకి తోచింది ఒక్కటే. ఫోను అంటే ఫ్రేము. ఫ్రేము తన చేతిలో పని.

"ఫోన్లోనే మాట్లాడతాను" అన్నాడు హుషారుగా.

ఇక్కడ కాస్త ఆగండి. ఆయన ఎంచుకున్న దారి తప్పు కాదు. ఎంచుకున్న కారణం తప్పు. డాక్టరుకి చెప్పుకోవడం తేలికవుతుందని కాదు, దాచుకోవడం తేలికవుతుందని ఎంచుకున్నాడు.

అనుకున్న రోజు వచ్చింది. సన్యాసిరావు నున్నగా గడ్డం గీసుకున్నాడు. నీలం తెర ముందు స్టూలు వేసుకున్నాడు. ఫోనును స్టాండుకి బిగించాడు. కళ్ళ కింద నలుపు పడకుండా ఒక దీపాన్ని కిందినుంచి పెట్టాడు. గోడ మీది నల్లకోటు తీసి తనే తొడుక్కున్నాడు. వణికే చేతులను ఒళ్ళో, లుంగీ మడతల్లో పెట్టుకున్నాడు. "గడ్డం కొంచెం పైకి" అని తనకు తనే చెప్పుకున్నాడు.

తెర మీద డాక్టర్ కుముద కనిపించారు. నడివయసు మనిషి. తొందర లేని గొంతు.

"నమస్కారమండీ సన్యాసిరావు గారూ. ఎక్కడ కూర్చున్నారు? పక్కన ఎవరైనా ఉన్నారా?"

"నా స్టూడియోలోనండీ. ఎవరూ లేరు."

తడిక అవతల అక్కతో కలిసి నక్కి వింటున్న ఎర్నాయుడు దగ్గాడు. వరహాలు వాడి డొక్కలో పొడిచింది. ఆ పొడుపుకి వాడు ఇంకా గట్టిగా దగ్గాడు.

"ఎవరో ఉన్నట్టున్నారే?"

"వీధిలోనండీ" అన్నాడు సన్యాసిరావు.

నిద్ర ఎలా ఉందని అడిగారావిడ. కాస్త తక్కువన్నాడు. ఏవైనా మాత్రలు వాడుతున్నారా అని అడిగారు. "అబ్బే, నాకు మాత్రలంటేనే పడదండీ" అన్నాడు. చివరికి ఆవిడ నెమ్మదిగా, సూటిగా అడిగారు. "చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?"

నిజం సన్యాసిరావు నోటిదాకా వచ్చింది. కానీ తడిక అవతల పెళ్ళాం ఉంది, బావమరిది ఉన్నాడు. నోరు మూసుకుని నవ్వు ముఖం పెట్టాడు. ఎదుటివాళ్ళ చేత రోజూ పెట్టించే నవ్వే అది.

"ఛ ఛ. అలాంటిదేం లేదండీ."

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకున్నారు. "మీరు చెప్పినదాన్ని బట్టి ఇప్పుడే మందులు రాయను. వచ్చే వారం మళ్ళీ మాట్లాడదాం. ఒక్క మాట గుర్తుంచుకోండి. మీరు చూపించినంతే నాకు కనిపిస్తుంది, చెప్పినంతే వినిపిస్తుంది. వదిలేసింది ఏదైనా ఉంటే ఫోన్ చేయండి. లేదంటే నేరుగా రండి. మీ ఇంట్లో ఒకరి నంబరు ఇచ్చి, నా నంబరు వాళ్ళకివ్వండి."

భార్య నంబరు ఇచ్చాడు. ఫోను ఆపాడు. కోటు విప్పి గోడకి తగిలించాడు. పరీక్ష పాసైన కుర్రాడిలా బయటికొచ్చి, "విన్నారుగా? నాకేం లేదని డాక్టరే తేల్చేసింది" అన్నాడు.

ఆవిడ అలా అనలేదు. కానీ ఆయన అలాగే విన్నాడు. ఏమీ లేనివాడికి మాత్రలెందుకు? ఆ సాయంత్రమే ఫిలిం డబ్బాను మురిక్కాలవలో పారేశాడు.

అదే వారం ఒక పెళ్ళి. కల్యాణమండపం కిటకిటలాడుతోంది. జీలకర్ర బెల్లం పెట్టే వేళయింది. తీరా ఆ క్షణంలో సన్యాసిరావు చేతులు మామూలుగా వణకలేదు. జల్లెడ పట్టినట్టు ఊగిపోయాయి. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. కెమెరాలో పెళ్ళికూతురు ఇద్దరై, ముగ్గురై కనిపించింది.

"తీశారా?" అని అరిచాడు పెళ్ళికొడుకు మేనమామ.

"కొంచెం ఆగండి బాబూ, మళ్ళీ ఒక్కసారి..."

"మళ్ళీ పెట్టడానికి అది ముహూర్తమా, పాస్‌పోర్టు ఫోటోనా?" అన్నారు పురోహితుడు గారు.

అందరూ నవ్వారు. సన్యాసిరావు కెమెరాను కుర్చీలో పెట్టేసి, ఎవరితోనూ చెప్పకుండా మండపం మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళిపోయాడు. కింద సన్నాయి మోగుతోంది. పైన ఆ పాత ఆలోచన ఒంటరిగా కూర్చుని ఆయన కోసం ఎదురుచూస్తోంది. అది ఈసారి చాలా దగ్గరికొచ్చింది. సన్యాసిరావుకి తన మీద తనకే భయమేసింది.

అప్పుడాయన జీవితంలో మొదటిసారి, అన్నిటికన్నా ధైర్యమైన పని చేశాడు. ఫోను తీసి భార్యకి కలిపాడు.

"వరాలూ, మండపం మేడ మీదున్నాను. చచ్చిపోవాలనిపిస్తోంది. నాకు భయంగా ఉంది. రా."

"అక్కడే కూర్చోండి. ఫోన్ పెట్టకండి. నాతో మాట్లాడుతూనే ఉండండి" అంది వరహాలు. పక్కింటావిడ ఫోను లాక్కుని తమ్ముడికి కబురు చెప్పింది. ఎర్నాయుడు వీడియో కెమెరాను స్టాండు మీద అలాగే వదిలేసి పరుగెత్తాడు. రెండేసి మెట్లు ఎక్కాడు. బావ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఎప్పుడూ నోరు మూయనివాడికి ఆ పూట ఒక్క వెక్కిరింత కూడా రాలేదు.

"పద బావా, కిందికి దిగుదాం. ఫోటోలు పోతే పోనీ."

తమ్ముడు ఆయన దగ్గరికి చేరాడని తెలిశాక, వరహాలు ఆటోలో వస్తూనే డాక్టర్ కుముదకి ఫోన్ చేసింది. "మేడమ్, ఒక్కసారి వీడియోలో ఆయనతో మాట్లాడతారా?"

"ఇప్పుడు వీడియో కాదమ్మా. ఇది ఆసుపత్రికి వెళ్ళాల్సిన సమయం. మీకు దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి వెంటనే తీసుకెళ్ళండి. ఆయన్ని క్షణం కూడా ఒంటరిగా వదలకండి. అక్కడి డాక్టరుతో నేను మాట్లాడతాను."

అలాగే చేశారు. కుదుటపడ్డాక విశాఖపట్నంలో డాక్టర్ కుముద దగ్గరికే తీసుకెళ్ళారు. ఈసారి తెర లేదు, దీపం లేదు, కోటు లేదు. గదిలో డాక్టరూ ఆయనా ఇద్దరే ఉన్నారు.

"చేతులు ముందుకు చాపండి" అన్నారు డాక్టరు.

చాపాడు. గాలికి అల్లాడే ఆకుల్లా వణికాయి. ఆయన వాటిని దాచుకోలేదు. ఫిలిం డబ్బా గురించి చెప్పాడు. మురిక్కాలవ గురించి చెప్పాడు. మేడ గురించి చెప్పాడు. చెబుతూ వెక్కివెక్కి ఏడ్చాడు.

డాక్టరు ఓపికగా విన్నారు. "ఆ మాత్రలు అలా ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం. డాక్టరు చూస్తుండగా మెల్లమెల్లగా తగ్గించుకోవాలి. ఆ రోజు చెప్పి ఉంటే అప్పుడే రమ్మనేదాన్ని. మీరు నాకు పాస్‌పోర్టు ఫోటో చూపించారు సన్యాసిరావు గారూ. వైద్యం చేయడానికి నాకు మనిషి కావాలి."

సన్యాసిరావు తల దించుకున్నాడు. "మా బావమరిది చెప్పిందే నిజమండీ. ఫోన్లో వైద్యం పనికిరాదు."

"అదిగో, మళ్ళీ తప్పు తీసుకెళ్ళి ఫోను మీద పెడుతున్నారు!" అని నవ్వారావిడ. "తలుచుకుంటే మీరు ఇక్కడికీ ఆ కోటు తొడుక్కుని రాగలరు. కొండల మీది ఊళ్ళ నుంచి బస్సెక్కలేనివాళ్ళు, నలుగురిలో నోరు విప్పలేనివాళ్ళు ఫోన్లోనే నాతో అన్నీ చెప్పుకుని తేరుకున్నారు. వాళ్ళకి అదే సరైన దారి."

"మరి ఎవరికి ఏది సరైనదో తెలిసేదెలాగండీ?"

"ముందు మిమ్మల్ని మీరే అడగండి. ఎవరూ వినని చోటు నాకుందా? అక్కడ అన్నీ చెప్పగలనా? చేతులు వణుకుతున్నా, తిండి సహించకపోయినా, ఏవో మాత్రలకి అలవాటు పడినా ఒళ్ళు కూడా చూడాలి. అప్పుడు నేరుగా రావడమే మేలు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన మీద పడితే ఇక ఆలోచించడానికేం లేదు, దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. ఏదీ తేల్చుకోలేకపోతే ఆ మాటే డాక్టరుతో అనండి. ఇద్దరం కలిసి తేల్చుకుందాం."

వైద్యం సాగింది. మాత్రలు మెల్లగా తగ్గాయి. నిద్ర మెల్లగా తిరిగొచ్చింది. సన్యాసిరావు ముద్దపప్పు మళ్ళీ రెండోసారి అడిగి వేయించుకున్నాడు. కొన్నాళ్ళకి డాక్టరే అన్నారు, "ఇక ప్రతిసారీ ఇంత దూరం రానక్కర్లేదు. ఇకనుంచి వీడియోలో మాట్లాడుకుందాం."

మళ్ళీ అదే స్టూడియో. అదే ఫోను. ఈసారి వరహాలు ముందుగానే తమ్ముణ్ణి వీధిలోకి నెట్టింది.

"మధ్యాహ్నం అవుతోంది, నాకు భోజనం పెట్టవా అక్కా?" అన్నాడు ఎర్నాయుడు.

"ఫోన్లో పెడతాలే, పద" అంటూ తనూ బయటికొచ్చి షట్టరు దించింది.

లోపల సన్యాసిరావు ఫోను స్టాండును వెనక్కి జరిపాడు. ఇంకా వెనక్కి జరిపాడు. దీపాలన్నీ ఆర్పేసి కిటికీ తెరిచాడు. నల్లకోటు గోడ మీదే వేలాడుతోంది. చేతులు మోకాళ్ళ మీద డాక్టరుకి కనబడేలా పెట్టుకుని కూర్చున్నాడు.

తెర మీదికి వస్తూనే డాక్టర్ కుముద నవ్వేశారు. "సన్యాసిరావు గారూ, ఇవాళ లుంగీ కూడా కనిపిస్తోంది!"

"కనబడనివ్వండి మేడమ్" అన్నాడు సన్యాసిరావు. "దాని గురించి కూడా చెప్పాలనే కూర్చున్నాను."

విన్నారుగా? డాక్టరు ఎదురుగా ఉన్నా, తెర మీద ఉన్నా, మన నిజం పూర్తిగా బయటపడే చోటే మనకి సరైన చోటు. దాచుకోవడానికి ఎంచుకున్న ఏ దారీ వైద్యం దాకా వెళ్ళదు. కాబట్టి మీలో ఎవరు ఏ కోటు తొడుక్కుని కూర్చున్నారో, ఇవాళే దాన్ని విప్పి గోడకి తగిలించండి. నమ్మకమైన ఒక్క మనిషికి ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పండి.