ఒగ్గేసిన రెండడుగులు

విశాఖపట్నం శివారులో, సముద్రపు గాలి తగిలే ఒక గోల్ఫ్ మైదానంలో, నూకరాజు అనే క్యాడీ తనకు బాగా వచ్చిన దెబ్బనే పదిమంది ముందు పదేపదే కొడుతూ, రాని దెబ్బ జోలికి పోకుండా కాలం గడుపుతుండేవాడు.

క్యాడీ అంటే ఆడేవాళ్ల సంచి మోసేవాడు. ఆ సంచి నిండా కర్రలే. ఇక ఆట సంగతి చెప్పడానికి తేలిక. చిన్న తెల్లబంతిని కర్రతో కొట్టి, ఎక్కడో దూరాన నేలలో ఉన్న గుంటలో వెయ్యాలి. అలాంటి గుంటలు పద్దెనిమిది. అన్నీ తిరిగొచ్చేసరికి ఎవరు తక్కువ దెబ్బలు కొడితే వాళ్లదే గెలుపు. బంతిని మూడు వందల గజాలు పంపినా ఒక దెబ్బే, మూడంగుళాలు దొర్లించినా ఒక దెబ్బే. ఈ చివరి మాట మాత్రం నూకరాజుకు ఏనాడూ ఒంటబట్టలేదు.

రోజూ సాయంత్రం ఆడేవాళ్లు ఆట ముగించాక, ఒక్కో క్యాడీ ఒక బుట్టెడు బంతులు తీసుకుని సాధన చేసుకోవచ్చు. అది అక్కడి ఆనవాయితీ. నూకరాజు బుట్ట పట్టుకుని బయల్దేరితే వెనకాల ఓ పదిమంది బయల్దేరేవారు. అతను పెద్ద కర్ర ఎత్తి కొట్టాడంటే బంతి గాల్లోకి లేచి, మైదానం చివరి సరుగుడు చెట్లు దాటి అవతల పడేది. క్లబ్బు మెట్ల మీద టీ తాగే పెద్దమనుషులు కూడా గ్లాసు పక్కన పెట్టి చూసేవారు.

"ఇంకొకటి కొట్టు మావా!" అనేవాడు అతని స్నేహితుడు గైరాజు.

నూకరాజు ఇంకొకటి కొట్టేవాడు. అరగంటలో బుట్ట ఖాళీ. చొక్కా తడిసేది, చప్పట్లు మోగేవి, సాధన అయిపోయినట్టే అనుకుని ఇంటికి పోయేవాడు.

సోమవారాలు మైదానానికి సెలవు. ఆ రోజు క్యాడీలే ఆడుకునేవారు. ఎండ ముదిరేలోగా ముగించాలి కనుక, వాళ్లలో వాళ్లకు ఒక ఒప్పందం ఉండేది. బంతి గుంటకు రెండడుగుల దూరంలోకి వచ్చి ఆగితే, "ఒగ్గేసినాం, తీసీ!" అని మిగతావాళ్లు అరిచేవారు. అంటే, వదిలేశాం, ఆ కాస్త దూరం కొట్టక్కర్లేదు. ఒక దెబ్బ కలుపుకుని బంతి తీసేసుకోవచ్చు. పదేళ్లుగా నూకరాజు ఆ రెండడుగుల దెబ్బ కొట్టి ఎరగడు. వంగి, బంతి తీసి, జేబులో వేసుకుని నడిచేవాడు.

ఆ ఒప్పందానికి ఒప్పుకోని మనిషి ఒకతె ఉండేది. ఆమె పేరు దేముడమ్మ. మొదట్లో గుంటల చుట్టూ ఉండే నున్నటి పచ్చికలో కలుపు తీసే పనిలో చేరి, తరవాత సంచి మోయడానికి వచ్చింది. నలభై దాటిన మనిషి. పెద్ద కర్రతో ఆమె కొట్టే బంతి సరుగుడు చెట్ల దాకా కాదు కదా, వాటి నీడ దాకా కూడా పోయేది కాదు. కానీ బంతి గుంట పక్కనే ఉన్నా సరే, చిన్న కర్ర పట్టుకుని, సరిగ్గా నిలబడి, అది గుంటలో పడి టక్కుమనేదాకా కొట్టేది.

"ఒగ్గేసినాం గదప్పా! ఆ సప్పుడు ఇనకపోతే నీకు కూడు అరగదేటి?" అని గైరాజు ఏడిపించేవాడు. అక్కను అప్ప అనడం అక్కడి వాడుక.

"పడ్డాక పడిందనాల. పడతాదని పడిందనకూడదు," అనేది దేముడమ్మ. ఆ మాట అందరికంటే గట్టిగా నవ్వి కొట్టిపారేసినవాడు నూకరాజే.

ఇలా ఉండగా, అక్కడ ఆట నేర్పే ఫిలిప్ మాస్టారికి మోకాళ్లు పట్టేశాయి. ఆయన పని మానుకుంటానన్నారు. ఆయన స్థానంలో క్యాడీల్లోంచే ఒకరిని తీసుకోవాలని క్లబ్బు కార్యదర్శి గారు నిర్ణయించారు. నెల తిరిగాక వచ్చే సోమవారం పోటీ. పద్దెనిమిది గుంటలూ అందరికంటే తక్కువ దెబ్బల్లో ముగించినవాళ్లకే ఆ ఉద్యోగం.

నూకరాజుకు ఆ ఉద్యోగం కావాలి. ఊరికే కాదు, చాలా కావాలి. సంచి పట్టీ రాసుకుని రాసుకుని అతని ఎడమ భుజం కాయ కాచింది. ఈమధ్య సంచి ఎత్తుకోబోతే ఆ చెయ్యి మొరాయిస్తోంది. ఇంకో రెండేళ్లు మోస్తే అది బరువుకు పనికిరాదని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి అతను భార్య సంతోషికి తప్ప ఎవరికీ చెప్పలేదు. "మాస్టారి పని నీకే వస్తాది. నీలాగ కొట్టినోడు ఇంకొకడున్నాడేటి?" అని భుజానికి నూనె రాస్తూ ఆమె అంది. నూకరాజుకు కూడా ఆ విషయంలో అనుమానం లేదు.

మర్నాడు సాయంత్రం ఫిలిప్ మాస్టారు అతన్ని పక్కకు పిలిచారు.

"నూకరాజూ, బుట్ట ఖాళీ చెయ్యడం సాధన కాదురా," అన్నారు.

"మరేటి మాస్టారూ?"

"నువ్వు కొట్టే ప్రతి వంద దెబ్బల్లో దాదాపు సగం గుంట దగ్గర కొట్టేవే. నీ సాధనలో వాటికి ఒక్క బంతి కూడా లేదు. ఈ నెల రోజులూ పెద్ద కర్ర ఇంట్లో పడేసి రా. గుంటకు రెండడుగుల్లో నిలబడి వరసగా పది వెయ్యి. ఒకటి తప్పిందా, మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టు. పదీ పడేదాకా ఇంటికెళ్లకు. అవి పడ్డాక నాలుగడుగులకు జరుగు. అంతే, ఇంకేమీ లేదు."

"అదెంత పని!" అన్నాడు నూకరాజు.

అదెంత పనో ఆ సాయంత్రమే తెలిసింది. మొదటి బంతి పడింది. రెండోది పడింది. మూడోది గుంట అంచు తగిలి పక్కకు పోయింది. మళ్లీ మొదటి నుంచి వేశాడు. ఈసారి నాలుగు పడ్డాయి, అయిదోది పోయింది. మూడోసారి మొదటిదే పోయింది. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. కాస్త దూరంలో దేముడమ్మ ఒక్కతే తన బంతులు తాను వేసుకుంటోంది. టక్. టక్. టక్. ఆ చప్పుడు వింటుంటే అతనికి ఒళ్లు మండింది. ఇంత పెద్ద దెబ్బలు కొట్టేవాడు, పసిపిల్లలు గోళీలాడినట్టు ఇక్కడ వంగి కూర్చోవాలా?

అంతలో సాధన మైదానం వైపు నుంచి గైరాజు కేకేశాడు. "మావా! కొత్తగా ఎవరో పెద్దమనుషులొచ్చినారు. నీ దెబ్బ సూస్తారట! ఒక్కటి కొట్టీసి ఎల్లిపోదువు గాని, రా!"

నూకరాజు వెళ్లాడు. ఒకటి కాదు, బుట్టెడు కొట్టాడు. కొత్తవాళ్లు చప్పట్లు కొట్టారు. ఒంట్లోకి ప్రాణం లేచొచ్చినట్టయింది. రేపటి నుంచి చిన్న దెబ్బలు చూసుకుందాంలే అనుకున్నాడు. ఆ రేపు నెల రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదు.

పోటీ రోజు వచ్చింది. పన్నెండు మంది క్యాడీలు వరుసగా నిలబడ్డారు. కార్యదర్శి గారు గొంతు సవరించుకుని, "ఇవాళ ఒగ్గెయ్యడాలూ తీసెయ్యడాలూ లేవు. బంతి గుంటలో పడితేనే ఆ గుంట అయినట్టు. బంతి ఉన్న చోట గుర్తు పెట్టకుండా దాన్ని చేత్తో ఎత్తితే ఒక దెబ్బ జరిమానా. ఎత్తిన చోటే పెట్టి మళ్లీ కొట్టాలి," అని చెప్పారు. నూకరాజు శ్రద్ధగానే విన్నాడు. తనకు తనే, 'తియ్యకూడదు, తియ్యకూడదు' అని రెండుసార్లు అనుకున్నాడు కూడా.

అతనికీ దేముడమ్మకూ జత కుదిరింది. లెక్క చూసేందుకు ఫిలిప్ మాస్టారు కుంటుకుంటూ వాళ్ల వెంట నడిచారు.

మొదటి దెబ్బకే నూకరాజు బంతి ఆమె బంతిని ఎనభై గజాలు దాటి పడింది. చూసేవాళ్లు ఈలలు వేశారు. కానీ గుంట దగ్గరికి చేరేసరికి కథ మారిపోయేది. అతను పెద్ద దెబ్బలో సంపాదించింది చిన్న దెబ్బల్లో పోగొట్టుకునేవాడు. ఆమె దూరంలో పోగొట్టుకున్నది దగ్గర్లో కూడబెట్టుకునేది. అడుగున్నర నుంచి అతను రెండుసార్లు తప్పాడు. తప్పినప్పుడల్లా తరవాతి గుంటకు ఇంకా బలంగా కొట్టి ఆ కసి తీర్చుకున్నాడు. పదిహేడు గుంటలయ్యేసరికి మిగతా పదిమందీ బాగా వెనకబడ్డారు. నూకరాజు దేముడమ్మ కంటే ఒక్క దెబ్బ ముందున్నాడు.

ఇక మిగిలింది చివరి గుంట. ముందుగా ఆట ముగించిన క్యాడీలందరూ అక్కడ చేరారు. చెట్టు కింద సంతోషి కూడా నిలబడి ఉంది. నూకరాజు ఆ గుంటకు కొట్టిన మొదటి దెబ్బ అతని జన్మలోకెల్లా గొప్ప దెబ్బ అని అక్కడున్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండో దెబ్బకు బంతి నున్నటి పచ్చిక మీదికి చేరింది. మూడో దెబ్బకు ముప్ఫై అడుగులు దొర్లి, దొర్లి, గుంటకు సరిగ్గా రెండడుగుల్లో ఆగింది.

దేముడమ్మ బంతి కూడా మూడో దెబ్బకే అక్కడికి వచ్చింది కానీ, ఇంకా అయిదడుగులుంది. దూరంగా ఉన్నవాళ్లే ముందు కొట్టాలి. ఆమె కొంగు బిగించి, రోజూ నిలబడినట్టే నిలబడి, రోజూ కొట్టినట్టే కొట్టింది. టక్. మొత్తం ఎనభై దెబ్బలు.

నూకరాజుకు అప్పటికి డెబ్బై ఎనిమిది. ఈ ఒక్కటీ పడితే డెబ్బై తొమ్మిది. ఉద్యోగం అతనిదే.

క్యాడీలు ఆనందం పట్టలేకపోయారు. గైరాజు రెండు చేతులూ పైకెత్తి, పదేళ్లుగా అరిచినట్టే అరిచాడు. "ఒగ్గేసినాం మావా! తీసీ!"

నూకరాజు వంగాడు. బంతి తీశాడు. జేబులో వేసుకున్నాడు. నవ్వుతూ రెండడుగులు నడిచాడు కూడా.

ఫిలిప్ మాస్టారు కుంటుకుంటూ వచ్చి అతనికి అడ్డంగా నిలబడ్డారు.

"నూకరాజూ," అన్నారాయన మెల్లిగా. "ఇవాళ ఎవరూ ఒగ్గెయ్యలేదురా. ఒక దెబ్బ జరిమానా. బంతి అక్కడే పెట్టి కొట్టు."

గైరాజు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నూకరాజు జేబులోంచి బంతి తీశాడు. తియ్యకూడదని పొద్దుటి నుంచీ అనుకుంటూనే ఉన్నాడు. అనుకున్నది మనసు, తీసింది చెయ్యి. మనసుకు ఆ మాట ఒక్క పూట చెప్పాడు, చేతికి పదేళ్లు నేర్పాడు.

అయినా అంతా అయిపోలేదు. జరిమానాతో డెబ్బై తొమ్మిది. ఇది పడితే ఎనభై, దేముడమ్మతో సమానం. అప్పుడు ఇంకో గుంట ఆడిస్తారు. దూరం ఎంత? రెండడుగులు. బంతి పెట్టి నిలబడ్డాడు. ఎక్కడ నిలబడాలో, కాళ్లు ఎంత ఎడంగా పెట్టాలో, కర్ర ఎంత వెనక్కి తియ్యాలో, ఏదీ తెలియలేదు. సంచి మోసిన భుజం నొప్పి పెట్టింది. సంతోషి వైపు చూడబోయి మానేశాడు. కొట్టాడు.

బంతి గుంట అంచెక్కి, ఓ చుట్టు తిరిగి, బయట నిలబడింది.

"ఏనుగు దూరింది, తోక చిక్కింది," అన్నారెవరో వెనక నుంచి. ఎవరూ నవ్వలేదు.

దేముడమ్మకు ఉద్యోగం వచ్చింది. మాస్టారి టోపీ ఆమె నెత్తిన పెట్టారు. ఆమె టోపీ సర్దుకుని, ముందు నూకరాజు దగ్గరికే వచ్చింది. "తమ్ముడా, నీ పెద్ద దెబ్బ నాకు ఏడు జన్మలెత్తినా రాదు. నీకు రానిది నెల్లాళ్లు సాధన సేసుంటే వచ్చీది," అంది. ఓదార్పులా అన్న మాటే గానీ, నూకరాజుకు ఆ మాటే అన్నిటికంటే గట్టిగా తగిలింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, గోడ వైపు తిరిగి ఏడ్చాడు. సంతోషి భుజానికి నూనె రాసింది.

మూడు రోజులు అతను బుట్ట ముట్టుకోలేదు. నాలుగో సాయంత్రం పెద్ద కర్ర ఇంట్లో వదిలేసి, చిన్న కర్ర ఒక్కటే పట్టుకుని దేముడమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అప్పా, మళ్లీ ఎప్పుడో ఒకప్పుడు పోటీ పెడతారు. నాకు నేర్పు," అన్నాడు.

ఆమె గుంటకు రెండడుగుల్లో బంతి పెట్టింది. "వరసగా పది. తప్పితే ఒకటి కాడి నుంచి. పదీ పడేదాకా ఇంటికెల్లకు," అంది. ఆ మాటలు అతను ఇంతకుముందు విన్నవే.

ఆ రోజు తొమ్మిది పడ్డాక పదోది తప్పింది. నూకరాజు బంతులన్నీ ఏరుకొచ్చి, మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాడు. చూసేవాళ్లెవరూ లేరు. సాధన మైదానం వైపు నుంచి, "మావా, ఒక్కటి కొట్టీసి ఎల్లిపోదువు గాని, రా!" అని గైరాజు కేకేశాడు.

నూకరాజు తల తిప్పలేదు. టక్.

స్నేహితులు చూసీ చూడనట్టు వదిలేసిన లోపాన్ని పరీక్ష వదిలిపెట్టదు. కాబట్టి వచ్చిన పనికి చప్పట్లు కొట్టించుకోవడం మాని, రాని పనినే రోజూ చివరిదాకా సాధన చెయ్యాలి.